స్టూలు మీద లేని చెంబు

దయ్యాల కథలు చెప్పేవాళ్ళంటే నాకు మొదటినుంచీ చులకన. మా స్టాఫ్ రూములో అలాంటివాళ్ళకి కరువు లేదు. సోషల్ మేడమ్ గారికి వాళ్ళ పెదనాన్న కలలోకొచ్చి బీరువా తాళం ఎక్కడుందో చెబుతాడు. పీఈటీ గారికి ధవళేశ్వరం బ్యారేజీ మీద తెల్లచీర కనబడింది. ఈ దయ్యాలకి తెల్లచీర తప్ప ఇంకో చీర ఎందుకు దొరకదో ఎవరూ చెప్పరు. అవన్నీ విని, నవ్వుకుని, టీ తాగేసి లేచిపోయే మనిషిని నేను. ఇప్పుడు రాస్తున్నదాన్ని కూడా దయ్యం కథ అని నేను అనడం లేదు. జరిగింది జరిగినట్టు రాస్తాను.

పాలకొల్లు దగ్గర ఒక ప్రైవేటు హైస్కూల్లో డ్రాయింగ్ మాస్టర్ని. ఆరు, ఏడు, ఎనిమిది తరగతులు నావి. బతకలేక బడిపంతులు అంటారు. డ్రాయింగ్ పంతులంటే ఆ బడిపంతుళ్ళలో కూడా బతకలేనివాడు. వైజాగ్‌లో నాలుగేళ్ళు బొమ్మలు వేయడం చదువుకుని వచ్చి, ఇక్కడ కరస్పాండెంట్ గారి పుట్టినరోజుకి థర్మోకోల్ అక్షరాలు కోస్తున్నాను. పరీక్షలు దగ్గరపడితే నా పీరియడ్లన్నీ లెక్కల మాస్టారు మింగేస్తారు. అడగడం కూడా ఉండదు, చాక్‌పీసు పట్టుకుని లోపలికొచ్చేస్తారు.

ఇక పిల్లలు. ఏదైనా గీయండ్రా అంటే సీనరీ గీస్తారు. రెండు కొండలు, మధ్యలో సూర్యుడు, కింద ఏరు, పక్కన పాక. మా చుట్టుపక్కల వరిచేలు, రొయ్యల చెరువులు, కాలవలు తప్ప చీమలపుట్టంత కొండ కూడా లేదు. కొండ చూడాలంటే పోలవరం దాకా పోవాలి. కిటికీలోంచి కొబ్బరితోట కనబడుతూనే ఉంటుంది. దాన్ని చూడరు. ఎన్నడూ చూడని కొండలు మాత్రం కళ్ళు మూసుకుని గీసేస్తారు.

ఆ కొండలు ఈ ఊళ్ళో నాటింది వీర్రాజు మాస్టారు. నాకు ముందు ఆ బడిలో ముప్ఫై ఏళ్ళు డ్రాయింగ్ చెప్పింది ఆయనే. నాకూ ఆయనే చెప్పారు. బోర్డు మీద సీనరీ వేసి, చూసి దింపమనేవారు. వైజాగ్ వెళ్ళొచ్చాక ఆయన పేరు చెబితే నాకు నవ్వొచ్చేది. సీనరీ మాస్టారు అని నా స్నేహితుల దగ్గర ఎన్నిసార్లు వెక్కిరించానో లెక్కలేదు.

ఆయన ఇంకొకటి కూడా చేయించేవారు, అది నేను మరిచిపోయినట్టు నటించాను. ఇంటినుంచి ఒక ఇత్తడి కొమ్ముచెంబు తెచ్చేవారు. పక్కన నీళ్ళు ధారగా పోయడానికి కొమ్ములాంటి గొట్టం ఉండే చెంబు అది. దాన్ని స్టూలు మీద పెట్టి, మమ్మల్ని చుట్టూ కూర్చోబెట్టి, కనబడింది గీయమనేవారు. తర్వాత ఒక్కొక్కరి పక్కనా మోకాళ్ళ మీద కూర్చుని, తన తల మా తల ఎత్తుకి దించి, ఒక కన్ను మూసి చూసేవారు. నీకు కొమ్ము ఎటు కనబడుతోంది అని అడిగేవారు. నలభై మంది ఉంటే నలభైసార్లు లేచి కూర్చునేవారు.

కిందటేడు, రిటైరైన చాలాకాలానికి, ఆయన ఒకరోజు నా ఎనిమిదో తరగతి క్లాసుకి వచ్చారు. చేతిలో తువ్వాలులో చుట్టిన ఆ కొమ్ముచెంబు ఉంది. నాకు పెన్సిలు పట్టుకోవడం నేర్పిన మనిషి, పిల్లల ముందు నన్ను మీరు అన్నారు.

“మాస్టారూ, దీన్ని మీ మోడల్ క్లాసులో పెట్టండి. వెలుగు దీని మీద బాగా పడుతుందండి.”

నేను కుర్చీలోంచి లేవలేదు. “ఇంకా చెంబులేంటండీ మాస్టారూ. పెళ్ళిళ్ళకి అద్దెకిచ్చుకోండి, పనికొస్తుంది” అన్నాను. క్లాసంతా గొల్లుమంది. ఆయన కూడా నవ్వారు. తువ్వాలు మళ్ళీ చుట్టుకుని వెళ్ళిపోయారు. కాసేపటికి బయట మెట్ల మీద ఏదో పడిన చప్పుడైంది. నేను తల తిప్పి చూడలేదు.

ఆ వేసవిలో ఆయన పోయారు. మార్కుల ఎంట్రీ పనుందని చెప్పి నేను వెళ్ళలేదు. నిజానికి ఆరోజు పనేమీ లేదు.

ఈ ఏడు కరస్పాండెంట్ గారికి ఎనిమిదో తరగతి పిల్లల చేత డ్రాయింగ్ లోయర్ గ్రేడ్ పరీక్ష రాయించాలని బుద్ధి పుట్టింది. పక్క స్కూలు ఫ్లెక్సీలో ఆ పాసైన పిల్లల ఫొటోలు వేశారట, అదీ ఆయన కళాభిమానం. పరీక్షలో వస్తువుల్ని చూసి గీయాలి. ఏ నోటితో చెంబులేంటన్నానో ఆ నోటితోనే ఆయాని కుండ తెమ్మన్నాను.

శుక్రవారం మధ్యాహ్నం రెండు పీరియడ్లు దొరికాయి. క్లాసు మధ్యలో స్టూలు వేసి, దాని మీద ఒక మట్టికుండ, ఒక ఇటుక పెట్టాను. నా చేతులతో నేనే పెట్టాను. ముప్ఫై రెండుమంది పిల్లల్ని చుట్టూ కూర్చోబెట్టాను. “ఉన్నది ఉన్నట్టు గీయండి. కొండలు గీస్తే చేతులు విరగ్గొడతాను” అన్నాను. తర్వాత బోర్డు దగ్గర కుర్చీ వేసుకుని ఫోన్ చూసుకుంటూ కూర్చున్నాను. బెల్లు కొట్టేదాకా లేవలేదు. వీళ్ళ గీతలు చూడ్డానికి లేవడం దండగ అనుకున్నాను. బెల్లు కొట్టాక పేపర్లు లీడర్ తెచ్చిచ్చాడు, బ్యాగులో పెట్టుకుని వెళ్ళిపోయాను.

ఆదివారం పొద్దున్న దిద్దడానికి కూర్చున్నాను. మొదటి పేపర్లో కుండ, ఇటుక, వాటి పక్కన ఒక కొమ్ముచెంబు ఉంది. ఎవడో తెలివి చూపించాడనుకున్నాను. రెండో దాంట్లోనూ ఉంది. నాలుగోది వచ్చేసరికి నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. కిందటేడు నేను మాస్టారిని అన్న మాట ఈ పిల్లలకి తొమ్మిదో తరగతివాళ్ళు చెప్పారు, అందరూ కూడబలుక్కుని నన్ను ఎగతాళి చేస్తున్నారు. అంతకంటే నాకేం తోచలేదు. కోపంలో కూడా చేతి అలవాటు పోదు కదా, తప్పులు దిద్దుతూనే పోయాను. ఏడుగురు చెంబుకి కొమ్ము కింద నొక్కుకుపోయినట్టు లొత్తలా గీశారు. ఏడింటికీ ఎర్ర సిరాతో సున్నా చుట్టి, రెండువైపులా సమానంగా లేదు అని రాసి మార్కులు కోశాను.

ముప్ఫై రెండులో ముప్ఫై ఒక్క పేపర్లలో ఆ చెంబు ఉంది. లేనిది నాగలక్ష్మి పేపరు ఒక్కదాంట్లోనే. వాళ్ళ నాన్న రొయ్యల చెరువు దగ్గర కాపలా ఉంటాడు. పిలిస్తేగాని నోరు తెరవని పిల్ల.

సోమవారం ఆ ముప్ఫై ఒక్కమందినీ గ్రౌండులో ఎండలో నిలబెట్టాను. ఎవరి ఆలోచనో చెప్పేదాకా ఒక్కరి పేరు కూడా పరీక్షకి పంపనని, నాగలక్ష్మి ఒక్కతే వెళుతుందని చెప్పాను. పేర్లు బుధవారానికల్లా పంపాలి. కొందరు ఏడ్చారు. ఒక్కరూ తప్పు ఒప్పుకోలేదు. లీడర్ మాత్రం, భయపడుతూనే, ఒక మాటన్నాడు.

“ఉన్నది గీయమన్నారు కదండి సార్. ఉందండి, గీశామండి.”

ఆయాని పిలిచి అడిగాను. స్టూలు మీద నుంచి తను తీసింది కుండ, ఇటుక, రెండేనని చెప్పింది. హెడ్మాస్టర్ గారి చెవిన పడితే, ఎందుకైనా మంచిది ఆ గదిలో ఒక కొబ్బరికాయ కొట్టిద్దామన్నారు, పేరెంట్స్‌కి తెలియకుండా. ఆయన చదివింది ఫిజిక్స్.

వీళ్ళ అబద్ధం వీళ్ళ ముందే పెడదామని, మధ్యాహ్నం ఖాళీ క్లాసులో ఎవరి పేపరు వాళ్ళు కూర్చున్న చోట పరిచాను. ఒక్కొక్కటే చూస్తూ స్టూలు చుట్టూ తిరిగాను.

ఎనిమిదో తరగతి పిల్లల్ని చెంబు గీయమంటే, వాళ్ళు ఎక్కడ కూర్చున్నా సరే, పక్కనుంచి చూసినట్టే గీస్తారు. కొమ్ము ఒకవైపుకి పొడుచుకుని ఉంటుంది. పదేళ్ళుగా నేను చూస్తున్నది అదే. ఇక్కడ అలా లేదు. వెనక గోడ దగ్గరివాళ్ళందరికీ కొమ్ము ఎడమవైపు ఉంది, అంటే కిటికీ వైపు. కిటికీ దగ్గర కూర్చున్నవాళ్ళు దాన్ని ఎదురుగా, ఒక చిన్న గుండ్రటి రంధ్రంలా గీశారు. తలుపు వైపువాళ్ళు అసలు కొమ్మే గీయలేదు, వాళ్ళకి చెంబు వీపు కనబడుతుంది మరి. బోర్డు వైపు పిల్లలకి కుండ చాటునుంచి సగం చెంబే కనబడింది. నేను సున్నాలు చుట్టిన ఏడుగురూ కిటికీ వైపువాళ్ళే. నేర్పిస్తేనే అలా గీయడం కష్టం. నేను నేర్పనే లేదు. ఒకడు గీసింది చూసి మిగతావాళ్ళు దించారనుకుంటే అన్నీ ఒకేలా ఉండాలి. ఇవి ముప్ఫై ఒక్క చోట్లనుంచి చూసిన ఒకే ఒక్క చెంబు.

నాగలక్ష్మిని పిలిచి, నువ్వెందుకు గీయలేదు అని అడిగాను. తల దించుకుని, నేలకి చెబుతున్నట్టు చెప్పింది.

“వాళ్ళు అబద్ధం గీయలేదండి. నాకు కుండ అడ్డమొచ్చిందండి. మీరూ నా వెనకాలే కూర్చున్నారు కదండి.”

అయినా నేను ఊరుకోలేదు. ఎవరో ఒకరు మాస్టారి ఇంటినుంచి ఆ చెంబు తెచ్చి, నేను ఫోన్లో ఉండగా స్టూలు మీద పెట్టి, మళ్ళీ తీసేసి ఉండాలి. అది ఒక్కటే బుద్ధికి ఆనే మాట. దొంగని పట్టుకుందామని మర్నాడు సాయంత్రం పేపర్లు బ్యాగులో పెట్టుకుని వాళ్ళింటికి వెళ్ళాను. ఆయన పోయాక ఆ గుమ్మం తొక్కడం అదే మొదలు.

మాస్టారి భార్య నన్ను గుర్తుపట్టారు. ఎందుకు రాలేదని అడగలేదు. చెంబు సంగతెత్తితే లోపలికెళ్ళి ట్రంకుపెట్టె తాళం తీసి, అదే తువ్వాలులో చుట్టి ఉన్న చెంబు తెచ్చారు. ఆయన పోయాక పెట్టెలోంచి తీయడం ఇదేనన్నారు. తాళంచెవి ఆవిడ మెడలోనే ఉంటుంది.

తువ్వాలు విప్పాను. కొమ్ము కింద సొట్ట ఉంది.

నేను చదువుకునే రోజుల్లో దానికి సొట్ట లేదు. కిందటేడు నా క్లాసుకి తెచ్చినప్పుడూ లేదు, అప్పుడు కొమ్ము నావైపే ఉంది. ఎప్పుడు పడింది అని అడిగాను. బడికి తీసుకొచ్చినరోజే మెట్ల మీద చెయ్యి జారిందన్నారు ఆవిడ.

“సొట్ట తీయిద్దామంటే వద్దన్నారు బాబూ. పిల్లలకి గీయడానికి ఇంకో పని దొరికిందిలే అన్నారు. నీకు ఆ రోజు తీరిక లేదంటగా, వచ్చే ఏడు పెడతానన్నావంట. పెట్టావా బాబూ?”

వచ్చే ఏడు పెడతానని నేను అనలేదు. నేనన్న మాటని ఆయన ఇంటికి మోసుకెళ్ళలేదన్నమాట. బ్యాగులో ముప్ఫై ఒక్క బొమ్మలున్నాయి, తీసి చూపించవచ్చు. ఆ సొట్టల చుట్టూ నా ఎర్ర సిరా ఉంది. అందుకని తీయలేదు.

“పెట్టామండీ” అన్నాను.

“అందరూ గీశారా?”

“ముప్ఫై ఒక్కమంది గీశారండి. ఇద్దరికి కుండ అడ్డమొచ్చింది.”

ఆ రెండోవారెవరని ఆవిడ అడగలేదు. కాఫీ పెట్టడానికి లోపలికెళ్ళారు.

బుధవారం ముప్ఫై రెండు పేర్లూ పంపించాను. పిల్లల ముందు తప్పు నాదేనని చెప్పాను. నాకది అలవాటు లేని మాట, వాళ్ళకీ వినడం అలవాటు లేదు. లీడర్ భుజాల మీద ఎండలో చెమటకి చొక్కా అంటుకుపోయిన మచ్చ ఇంకా నా కళ్ళముందే ఉంది.

తొమ్మిదో తరగతివాళ్ళు చెప్పారనుకుంటే, వాళ్ళు ఆ చెంబుని చూసింది రెండు నిమిషాలు, అదీ సొట్ట పడకముందు. మెట్ల మీద పడ్డాక మాస్టారు దాన్ని తువ్వాలులో చుట్టుకునే వెళ్ళి ఉండాలి. ఎవరైనా చూశారే అనుకుందాం. అప్పుడు కూడా ముప్ఫై ఒక్క చోట్లనుంచి ఎలా కనబడుతుందో వాళ్ళకెవరు చెప్పారు? స్టాఫ్ రూములో ఈ సంగతి ఎత్తను. ఎత్తితే సోషల్ మేడమ్ గారి పెదనాన్న పక్కన నన్నూ కూర్చోబెడతారు.

ఇప్పుడు మోడల్ క్లాసున్న రోజు కుర్చీ వేయించుకోవడం లేదు. ఒక్కొక్కరి పక్కనా మోకాళ్ళ మీద కూర్చుని, తల వాళ్ళ ఎత్తుకి దించి, ఒక కన్ను మూసి చూస్తాను. మోకాళ్ళు నొప్పెడతాయి. ఇంతవరకూ కుండా, ఇటుకా తప్ప నాకేమీ కనబడలేదు.