స్వాతి కార్తె మందు

ఉదయం ఆరున్నరకు మద్దిలపాలెంలో కొత్తవలస బస్సెక్కాను. సంచిలో ఒక గాజు గ్లాసు, మంచినీళ్ల సీసా. పక్కన చేపల తట్ట పెట్టుకుని కూర్చున్న అవ్వ గ్లాసు చూసి నవ్వింది.

"పొద్దున్నే గ్లాసట్టుకుని ఎక్కడికెల్తన్నావ్ బాబూ?"

వరి ఆకులు పరీక్షించడానికన్నాను. "పంటల డాక్టరన్నమాట" అంది. కాదనకుండా తలూపాను.

ఏడున్నరకు పెందుర్తి దాటాం. అక్కడ నాకు ఇరవై ఏళ్లుగా పురుగుమందుల కొట్టుంది. కిటికీలోంచి అది కనబడగానే తల తిప్పుకున్నాను.

కొత్తవలస అవతలి పల్లెలో సన్యాసినాయుడు కౌలుకు వేసిన వరి ఎండిపోయింది. తాగిన మత్తులో మోతాదు మించి పురుగుమందు కొట్టి పంట కాల్చుకున్నాడని మా కొట్టుకు వచ్చిన వాళ్లందరితో అన్నది నేనే. అది అబద్ధం. ఆ మాట నమ్మి భూమి ఆసామి కౌలు రద్దు చేస్తానంటున్నాడు. పదింటికి పొలం దగ్గర తేలుస్తాడని తెలిసి బయలుదేరాను.

ఏటా అక్టోబరు చివర్లో స్వాతి కార్తె రాగానే అగ్గితెగులు మందు, దాంతోపాటు యూరియా కట్టివ్వడం మా కొట్టు అలవాటు. ఒకప్పుడు ఆ రోజుల్లో రాత్రులు చల్లబడి మంచు కురిసేది, ఆ తెగులే వచ్చేది. ఇప్పుడు స్వాతిలోనూ ఉక్కపోత, గాలివాన మీద గాలివాన. ఆకుల అంచులు పసుపెక్కి ఎండుతున్నాయని నాయుడు ఫోన్లో చెబుతున్నా వినిపించుకోకుండా పాత మందే ఇచ్చాను.

కొత్తవలసలో ఇడ్లీ తిన్నాను. షేర్ ఆటో నిండితేనే కదులుతుంది, నిండేసరికి గంట పైనే పట్టింది. పది దాటాక పొలం చేరాను. ఆసామి గట్టు మీదే ఉన్నాడు. నాయుడు నావైపు చూడలేదు.

ఎండుతున్న ఆకును కోసి, కోసిన కొన నీళ్లలో మునిగేలా గ్లాసులో పెట్టాను. కాసేపటికి పాలలాంటి జిగురు తీగలా నీళ్లలోకి దిగింది. ఇది బ్యాక్టీరియా తెగులని, నేనిచ్చిన మందు దీనికి పనిచేయదని, యూరియా దీన్ని ఇంకా పెంచిందని చెప్పాను. ఈ పరీక్ష నాకు ముందే తెలుసనీ, నా తప్పు కప్పుకోవడానికే అతను తాగాడని కల్పించాననీ చెప్పాను.

ఆసామి గ్లాసు చేతిలోకి తీసుకుని వెలుగుకెత్తి చూశాడు. కౌలు నాయుడిదేనని, వచ్చే ఏడు తెగులు తట్టుకునే విత్తనం వేయమని చెప్పి వెళ్లిపోయాడు.

అప్పుడు నాయుడు నోరు తెరిచాడు. "ఊరంతా నన్ను తాగుబోతన్నారు బావా. ఆలందరికీ నువ్వెల్లి సెప్తావా?"

చెబుతానన్నాను.

మధ్యాహ్నం రెండింటి బస్సులో తిరిగి వస్తుండగా ఇంకో రైతు ఫోన్ చేశాడు, స్వాతి మందు కట్టి ఉంచమని. మొక్క చూడకుండా ఇవ్వనని, ఉదయాన్నే వస్తానని అన్నాను. నాయుడి విషయంలో తప్పు నాదేనని కూడా చెప్పాను. అవతల నవ్వు వినిపించింది.

"ఏటి బావా, యాపారం మానేసినావా?"

ఫోన్ పెట్టేసి, ఆ అబద్ధం ఎవరెవరితో అన్నానో ఒక్కొక్కరినే గుర్తు చేసుకోబోయాను. పెందుర్తి వచ్చేసరికి పదకొండు మంది తేలారు. మిగతావాళ్లు ఎవరో నాకు తెలియదు. అబద్ధం ఆడినప్పుడు వాళ్ల ముఖాలు చూసి మాట్లాడలేదు. వాళ్లకూ నిజం తెలియాలనే ఇది రాస్తున్నాను.