సువార్తమ్మ గారి పాటలో నా చరణాలు

రేపల్లెలో ఒక సమాధి రాయి ఉంది. దాని బరువు ఇన్నేళ్లుగా నేను మోస్తున్నాను. మీరెవరో నాకు తెలియదు. అందుకే మీకు చెప్పగలుగుతున్నాను.

తొంభైల మొదట్లో తెనాలిలో నాకో డీటీపీ సెంటరు ఉండేది. చచ్చిపోయిన హార్డ్ డిస్కును బతికించిన మొనగాణ్ణని బాపట్ల దాకా చెప్పుకుని తిరిగాను. మద్రాసు ఇంజినీరు చేతులెత్తేశాడనీ, నేను కంటిమీద కునుకు లేకుండా కూర్చుని ఒక్కో అక్షరం ఏరుకొచ్చాననీ. మద్రాసు నుంచి ఎవరూ రాలేదు. నేను శుభ్రంగా భోంచేసి పడుకున్నాను. అసలు జరిగింది వేరు.

సువార్తమ్మ గారు భట్టిప్రోలులో టీచరుగా చేసి రిటైరై, రేపల్లెలో ఉండేవారు. భక్తి పాటలు కట్టేవారు. కీళ్లవాతంతో వేళ్లు వంకరపోయి కలం పట్టలేకపోయేవారు. అందుకని బస్సెక్కి మా సెంటరుకు వచ్చి, నా పక్కన కుర్చీలో కూర్చుని చెబుతుంటే నేను టైపు చేసేవాణ్ణి. ఆ పాటలు కాగితం మీద ఎక్కడా లేవు.

"ఇందులో పెడితే పోవు కదా బాబూ?" అని అడిగారొకసారి.

"మనం పోతాం గానీ ఇది పోదమ్మా," అన్నాను. ఆమె పకపకా నవ్వారు.

అప్పటికే డిస్కు ఒకచోట నసుగుతోంది. ఆ చప్పుడు నాకు తెలుసు. చదవలేని చోటు తగిలితే డిస్కు వెంటనే వదిలిపెట్టదు. లోపలి పళ్లెం గిర్రున తిరిగి ఆ చోటు మళ్లీ వచ్చేదాకా ఆగి ఇంకోసారి చదువుతుంది, చదివే హెడ్డును వెంట్రుకవాసి ఇటూ అటూ జరిపి చూస్తుంది, పక్కనే రాసిపెట్టుకున్న లెక్కలతో పోయిన ముక్కను పూరించుకుంటుంది. అయినా కుదరకపోతే, చదవలేకపోయానని తెర మీద చెప్పేస్తుంది. నసుగుడు మొదలైనప్పుడే ఉన్నదంతా ఫ్లాపీల్లోకి ఎత్తుకోవాలి. ఎత్తుకోలేదు. ముహూర్తాల రోజులనీ, పెళ్లిపత్రికలు మీద పడ్డాయనీ నాకు నేనే సర్దిచెప్పుకున్నాను. బద్ధకం, అంతే.

ఆమె పోయారు. సంస్మరణ కూడికకు పుస్తకం కావాలన్నారు భర్త యేసురత్నం గారు. ఫైలు తెరిస్తే చివరి పాట దగ్గర ఆగిపోయింది. యంత్రాన్ని చల్లారనిచ్చి, మళ్లీ మళ్లీ ప్రయత్నించి ఉంటే ఒక్కసారైనా చదివేదేమో. నేను ఆగలేదు. చెడిన చోట్లను గుర్తుపెట్టి మూసేసే ప్రోగ్రాం నడిపి, అది అడిగిన ప్రతిదానికీ 'అవును' కొట్టాను. డిస్కు బాగుపడింది. పాటలో రెండు చరణాలు లేవు.

చదవలేకపోయానని డిస్కు ఒప్పుకుంది. నేను ఒప్పుకోలేదు. ఆ రెండు చరణాలూ నేనే రాశాను. రాసి ఊరుకున్నానా? ఏదైనా కాస్త ఎక్కువ చేస్తే గానీ నాకు తృప్తి ఉండదు. 'నా అడుగు తడబడితే భుజమిచ్చినవాడు' అని భర్త మీద ఒక పాదం కూడా వేశాను, పెద్దాయన సంతోషిస్తాడని.

ప్రూఫు చదువుతూ ఆయన సరిగ్గా అక్కడే ఆగారు.

"ఏంటండీ ఇది? నా గురించేనా?"

"మీ గురించేనండి."

"పెళ్లయిన కాడి నుంచీ నన్నొక్క మంచిమాట అన్న మనిషి కాదండి ఆవిడ. వంకాయలు తెచ్చినా వంకే, బెండకాయలు తెచ్చినా వంకే. నిజంగా చెప్పిందా?"

అప్పుడైనా ఆగి ఉండవచ్చు.

"చెప్పారండి. అచ్చయ్యేదాకా మీకు తెలియనివ్వొద్దన్నారు. చెబుతూ కళ్లు కూడా తుడుచుకున్నారు."

కళ్లు తుడుచుకున్నారట! అది ఎవరడిగారు నన్ను? ఆయన కండువా మొహానికి అడ్డం పెట్టుకున్నారు.

ఆ పాదాన్నే ఆమె సమాధి రాతి మీద చెక్కించారు. ప్రార్థన రోజున నన్ను పిలిచి ముందు వరుసలో కూర్చోబెట్టారు. ఆయన బతికినన్నాళ్లూ ఆదివారం ఆరాధన కాగానే అక్కడికి వెళ్లి ఆ అక్షరాలను వేలితో తడిమేవారట. పోనీ, ఆయనకు ఓదార్పు దక్కింది కదా? అలా అనుకోబోతాను. కుదరదు. ఆయన తడిమింది భార్య మాటను కాదు, నా గొప్పను. ఇప్పుడు ఆయన కూడా లేరు. వినవలసిన మనిషి పోయాక చెప్పడానికి ధైర్యం ఏపాటి కావాలి?

అన్నింటికన్నా నన్ను తినేది ఇంకొకటి ఉంది. పోయిన ఆ చరణాలను టైపు చేసింది ఈ వేళ్లే. ఒక్క పాదమూ గుర్తు లేదు. వేళ్లు విన్నాయి, నేను వినలేదు. ఎంత తవ్వుకున్నా 'ఉప్పుగాలి' అన్న ఒక్క మాట తగులుతుంది. దానికి ముందు ఏముందో, తరువాత ఏముందో తెలియదు. రాతి మీద ఉన్నది నాది. ఈ ఒక్క మాట ఆమెది.