ముందు వాకిట్లో చెవులపిల్లి కూర

నా చిన్నప్పుడు మా ఇంట్లో ఆదివారం కూరకు రెండు పేర్లుండేవి. ఇంట్లో ఉన్నంతసేపూ అది చెవులపిల్లి, గడప దాటితే చికెన్. ఎవరైనా అడిగితే చికెన్ అనే చెప్పాలని మా అమ్మ నాకు మరీ మరీ నేర్పింది. ఎందుకని అడిగితే, ఇక్కడివాళ్లకు నచ్చదమ్మా, అంతే, అనేది. మన గిన్నెలో ఉన్నది వాళ్లకు నచ్చేదేమిటి, నచ్చకపోయేదేమిటి అని మా నాయనమ్మ వంటింట్లోంచి గొణిగేది. వాళ్లిద్దరి మధ్య పెరిగాను నేను. నాకు ఎవరి పోలిక వచ్చిందో ఇది చదివాక మీరే చెప్పండి.

అప్పుడు మేము ఫ్రీమాంట్‌లో ఉండేవాళ్లం. ఇప్పటి ఫ్రీమాంట్ కాదది. ఇళ్ల వెనక ఆప్రికాట్ తోటలుండేవి. తెలుగు మాట వినాలంటే మా ఇంట్లోనే వినాలి. అమ్మ ఆసుపత్రిలో నర్సు. బాపట్ల దగ్గరి మా ఊరి నుంచి ముందు తను వచ్చి, తర్వాత నాన్ననూ నన్నూ, ఆఖరున నాయనమ్మనూ రప్పించుకుంది. నాన్న ఎవరి మాటకూ అడ్డు రాని మనిషి. నాయనమ్మకు ఇంగ్లిషు రాదు, రావాలన్న కోరికా లేదు. తెలుగు బైబిలు ఒళ్లో పెట్టుకుని నాకు అక్షరాలు దిద్దించింది ఆవిడే. ఈ నాలుగు ముక్కలు తెలుగులో రాయగలుగుతున్నానంటే అంతా ఆవిడ చలవే.

పక్కింట్లో ఒక తాత ఉండేవాడు. పోర్చుగీసు దీవుల నుంచి కుర్రతనంలో వచ్చి ఇక్కడే ముసలివాడైపోయిన మనిషి. ఆయన పెరట్లో చెక్క గూళ్లు కట్టి కుందేళ్లను పెంచేవాడు. మా పెరటికీ ఆయన పెరటికీ మధ్య నా తలకు మించిన చెక్కల కంచె ఉండేది కాబట్టి ఆ గూళ్లలో ఏముందో నేను చూడలేదు. ఆయన మాంసం శుభ్రం చేసి, కాగితంలో చుట్టి, కంచె మీంచి అందించేవాడు. మొదటిసారి విప్పి చూడగానే నాయనమ్మ ముఖం విప్పారింది. కుందేలును మా ఊరివైపు చెవులపిల్లి అంటారు. ఆవిడ చిన్నతనంలో పొలాల్లో వలలు పన్ని పట్టుకొచ్చేవారట. అల్లం, వెల్లుల్లి, ధనియాలు నూరి, సన్నటి సెగ మీద గంటసేపు మగ్గించి వండేది. బదులుగా తను పెంచిన గోంగూర కట్టలు కంచె మీంచి ఇచ్చేది. ఆయన తన ఇంగ్లిషులో మాట్లాడేవాడు, ఈవిడ తెలుగులో మాట్లాడేది. ఒకరి మాట ఒకరికి అర్థం కాలేదని ఇద్దరూ ఏనాడూ అనలేదు.

నాకు తెలియని సంగతి ఒకటుంది. బడిలో బొమ్మల పుస్తకాల నిండా తెల్లటి రాబిట్ ఉండేది. మెడలో రిబ్బను కట్టుకుని ఈస్టరుకు రంగురంగుల గుడ్లు మోసుకొచ్చేది. అదీ, మా కూరలోని చెవులపిల్లీ ఒకటేనని నాకు తెలియదు. ఇంట్లో నేను చూసింది ముక్కలే. రెండింటినీ ఒకచోట పెట్టి చూసే అవసరం రాలేదు. ఒకటి ఇంగ్లిషులో బతికేది, ఇంకొకటి తెలుగులో ఉడికేది.

ఒక సోమవారం మా టీచరు, నిన్న ఇంట్లో ఏం తిన్నారో ఒక్కొక్కరే చెప్పమంది. చికెన్ అని చెప్పడానికి నేను సిద్ధంగానే ఉన్నాను. కానీ ముందురోజే ప్రార్థనలో, అబద్ధమాడే నాలుక గురించి విన్న మాటలు గుర్తొచ్చి నోరు పెగల్లేదు. సరే, నిజమే చెబుదామని ఆలోచించాను. చెవులంటే ఇయర్స్, పిల్లి అంటే క్యాట్. నిలబడి, చెవులున్న క్యాట్‌ను తిన్నామని గట్టిగా చెప్పాను. చాలా బావుందని కూడా చెప్పాను. ముందు అందరూ నవ్వారు. మా ఎదురింటి అమ్మాయి మాత్రం నవ్వలేదు. వాళ్ల పిల్లి కొన్నాళ్లుగా కనిపించడం లేదు.

సాయంత్రానికి ఆ మాట వీధంతా పాకింది. మర్నాటి నుంచి మా వాకిట్లోకి ఆడుకోవడానికి ఎవరూ రాలేదు. ఒక పొద్దున మా మెట్ల మీద ఖాళీ అయిన పిల్లి మేత డబ్బా ఒకటి కనిపించింది. ఎవరు పెట్టారో తెలియదు. అమ్మ దాన్ని పత్రికలో చుట్టి చెత్తబుట్ట అడుగున దాచింది, ఏదో మేమే చేయరాని పని చేసినట్టు. ఆ దాచడమే నాకు డబ్బాకంటే ఎక్కువ కోపం తెప్పించింది. ఇన్నేళ్లకూ ఆ కోపం తగ్గలేదు, తగ్గించుకోవాలనీ లేదు.

అయితే అమ్మ భయానికి కారణముంది. నాయనమ్మ ఇక్కడే ఉండిపోవడానికి పెట్టుకున్న కాగితాలు ఇంకా ఇమిగ్రేషన్ ఆఫీసులోనే ఉన్నాయి. ఎవరైనా ఫిర్యాదు చేస్తే ఆవిణ్ని వెనక్కి పంపేస్తారేమోనని అమ్మ బెంగ. ఊళ్లో ఆవిడకు ఇంకెవరూ లేరు. అందుకని ఇకమీదట ఆ కూర మన ఇంట్లో వండొద్దనీ, గడపగడపకూ వెళ్లి క్షమించమని అడుగుదామనీ, ఈలోగా ఎదురింటి పిల్లి తిరిగి రావాలని దేవుణ్ని వేడుకుందామనీ అంది. నాన్న తలూపాడు. నాయనమ్మ అన్నం కలుపుకోవడం ఆపి అమ్మవైపు చూసింది.

“పిల్లొస్తే మనం మంచోళ్లం, రాకపోతే దొంగలమా అమ్మాయ్?”

“మీకు తెలీదత్తయ్యా. ఇది మన ఊరు కాదు.”

“ఊరు మనది కాకపోతే పోయె, కడుపు మనదే గదా.”

ఆ తర్వాత ఆవిడ నన్ను వెంటబెట్టుకుని కంచె దగ్గరికి నడిచింది. జరిగిందంతా తాతకు ఇంగ్లిషులో చెప్పమంది. నేను చెప్పాను. తాత నవ్వలేదు. కంచె తలుపు గడియ తీసి నన్ను లోపలికి రమ్మని, ఒక గూడు తెరిచి చూపించాడు. బొమ్మల పుస్తకంలోని రాబిట్ ముక్కు ఆడిస్తూ నావైపు చూస్తోంది. ఇదేనే చెవులపిల్లి, అంది నాయనమ్మ. జాలి వేసింది, దాచను. కానీ జాలికంటే ముందు వచ్చింది ఉక్రోషం. ఇంతమంది పెద్దవాళ్లు, రెండూ ఒకటేనని ఒక్కళ్లూ నాకు చెప్పలేదే అని.

అప్పుడే తాత తమ దీవిలోని సంత గురించి చెప్పాడు. అక్కడ మాంసం కొట్లో కుందేలును వేలాడదీసేటప్పుడు ఒళ్లంతా చర్మం వలిచి, పాదాల మీద బొచ్చు మాత్రం ఉంచేసేవారట. తోలు వలిచాక పిల్లీ కుందేలూ చూడ్డానికి ఇంచుమించు ఒకలాగే ఉంటాయట. కొనేవాళ్లకు అనుమానం రాకుండా ఆ పాదాలే సాక్ష్యమట. అంటే ఈ అనుమానం మాతో పుట్టింది కాదు, మా రంగు చూసి పుట్టిందీ కాదు, వాళ్లలో వాళ్లకే ఎప్పటినుంచో ఉన్నదన్నమాట. నేను తెలుగులో చెప్పగానే నాయనమ్మ పెద్దగా నవ్వింది. ఆ పాదాలతోనే ఒకటి తెచ్చిపెట్టమను, అంది.

శనివారం మధ్యాహ్నం అమ్మ డ్యూటీకి వెళ్లగానే తాతా నాయనమ్మా కలిసి, ఆయన బొగ్గుల పొయ్యిని మా ముందు వాకిట్లోకి లాక్కొచ్చారు. ఈ దేశంలో ముందు వాకిలి గడ్డి చూపించుకోవడానికే. పొగ, మంట, నూనె, అన్నీ వెనక పెరట్లోనే. ఆవిడ గడ్డి మధ్యలో బల్ల వేసి, తెల్ల దుప్పటి పరిచి, బొచ్చు పాదాల కుందేలును అందరికీ కనబడేలా పడుకోబెట్టింది. ఆదివారం ప్రార్థనకు కట్టుకునే చీర కట్టుకుంది. వీధిలో కార్లు నెమ్మదించాయి. కిటికీ తెరలు కదిలాయి. సిగ్గుతో నా చెవులు వేడెక్కాయి. లోపలికి పోదామనుకున్నాను. ఆవిడ నా చేతికి గరిట ఇచ్చి, అడుగంటకుండా కలుపుతూ ఉండమంది. గరిట పట్టుకున్నాక పారిపోవడం కుదరదు.

మసాలా వాసన లేచాక ఎదురింటి తలుపు తెరుచుకుంది. వచ్చింది ఆ అమ్మాయి కాదు, వాళ్ల అమ్మమ్మ. మెల్లగా వీధి దాటి, బల్ల దగ్గరికి వచ్చి నిలబడింది. అప్పటికి కూరకోసం కుందేలును కోసేశారు గానీ పాదాలు దుప్పటి మీదే ఉన్నాయి. ఒక పాదాన్ని వేలితో తాకింది. కళ్లజోడు తీసి తుడుచుకుంది. తన చిన్నప్పుడు, దేశంలో ఎవరికీ పని దొరకని రోజుల్లో, వాళ్ల అమ్మ ప్రతి ఆదివారం ఇదే వేయించి పెట్టేదని చెప్పింది. యుద్ధకాలంలో మాంసం కరువైతే, పెరట్లో కుందేళ్లు పెంచుకోండని ప్రభుత్వమే అందరికీ చెప్పిందట. నేను ఒక్కో ముక్కా నాయనమ్మకు తెలుగులో అందిస్తున్నాను. మరి ఎందుకు మానేశారో అడుగు, రుచి పోయిందా అని అడుగు, అంది నాయనమ్మ. అడిగాను. ఆ ముసలావిడ ఇచ్చిన జవాబును తెలుగు చేస్తే ఇలా ఉంటుంది.

“రుచి పోయి మానలేదు తల్లీ. మా నాన్నకు మంచి ఉద్యోగం వచ్చింది. ఆ రోజే అమ్మ గూళ్లన్నీ విరగ్గొట్టి తగలబెట్టించింది. ఇన్నాళ్లూ ఇది తిన్నామని ఎవరికీ చెప్పొద్దంది.”

నాయనమ్మ కంచంలో అన్నం పెట్టి, కూర వేసి ఇచ్చింది. ఆ ముసలావిడ మా వాకిట్లో, వీధికి ఎదురుగా కూర్చుని తినడం మొదలుపెట్టింది. ఎదురింటి గుమ్మంలోంచి కూతురు గట్టిగా పిలిచింది. వస్తున్నానని చెయ్యి ఊపి, ఇంకొంచెం వేయమని కంచం చాపింది.

అంతటితో వీధి మారిపోయిందని రాస్తే అది అబద్ధమవుతుంది. ఆ అమ్మాయి నాతో మళ్లీ మాట్లాడలేదు. పిల్లి దొరికిందో లేదో నాకు ఇప్పటికీ తెలియదు. అమ్మ ఇంటికి వచ్చి, సంగతి విని, కుర్చీలో కూలబడింది. కానీ మెట్ల మీద ఇంకో డబ్బా కనిపించలేదు. నాయనమ్మ కాగితాలు కూడా వచ్చాయి. ఆవిడ ఈ నేలలోనే నిద్రపోతోంది.

పెద్దయ్యాక ఈ విషయం మీద చాలా ఆలోచించాను. కోడిని ఫ్యాక్టరీలో పెంచినట్టు కుందేలును పెంచడం కష్టమంటారు. చౌక కోడి వచ్చాక ఇది నిలబడలేకపోయిందంటారు. అదీ నిజమే. ఇంగ్లిషులో ఆవు కంచంలోకి రాగానే బీఫ్ అయిపోతుంది, పంది పోర్క్ అయిపోతుంది. కుందేలుకు ఆ ముసుగు దొరకలేదు. కోడికీ దొరకలేదు గానీ, దాని మెడకు ఎవరూ రిబ్బను కట్టలేదు. ఇవన్నీ ఒప్పుకుంటాను. పెంపుడు కుందేలును ఒళ్లో పెట్టుకున్న పిల్లతో, దాన్ని తినమని నేనెన్నడూ అనను. కానీ తగలబెట్టిన ఆ గూళ్లను మాత్రం మర్చిపోలేను. లేనినాడు బతికించిన తిండిని ఉన్ననాడు కాదన్నారు. తాము కాదన్నది పక్కవాడి కంచంలో కనబడితే వాణ్ని మనిషే కాదన్నారు. ఇప్పుడు అదే కుందేలును పెద్ద హోటళ్లలో ఫ్రెంచి పేరుతో వడ్డిస్తే, ఫోటో తీసుకుని మరీ తింటున్నారు.

ఈమధ్య మళ్లీ, ఈ దేశానికి కొత్తగా వచ్చినవాళ్లు ఇరుగుపొరుగు పిల్లుల్ని తింటారన్న మాటలు పుట్టాయి. ఫ్రీమాంట్‌కు దగ్గర్లోనే ఉన్న మా డబ్లిన్ తెలుగు సంఘంలో ఆరాధన అయ్యాక అందరం భోజనాలకు కూర్చున్నాం. వీసా మీద ఉన్న ఒక అబ్బాయి నా పక్కకు జరిగి, గొంతు తగ్గించి, “ఆంటీ, ఈ టైమ్‌లో మనం కొంచెం సైలెంట్‌గా ఉంటే బెటర్ కదా, అంతా సెటిల్ అయ్యేదాకా,” అన్నాడు. వాడి ముఖంలో మా అమ్మ భయమే కనిపించింది. వాణ్ని కోప్పడలేకపోయాను. తలుపులు బార్లా తెరిపించి, నేను వండి తెచ్చిన చెవులపిల్లి కూర గిన్నె మూత తీశాను. పార్కింగ్ దాకా వాసన వెళ్లింది.

“ఎవరి పిల్లి పోయిందో వాళ్లు వెతుక్కుంటారు నాయనా,” అన్నాను. “నువ్వు కంచం పట్టు.”