బొప్పాయికి అంటిన కారం

మా స్కూలు పిల్లలకు ఆరోగ్యం వచ్చిపడిన సంగతి చెబుతాను. నాకు సంతకం వరకే చదువు వచ్చు. నేను నోటితో చెబుతుంటే మా కోడలు రాస్తోంది. మధ్యమధ్య నా తిట్లు మింగేస్తోందని నాకు తెలుసు. మింగనీ, అరక్కపోతే తనకే కష్టం.

మా స్కూలు అన్నానని నన్ను పంతులమ్మ అనుకునేరు. పర్చూరు వెళ్లే రోడ్డు మీద ఉన్న ప్రైవేటు బడిలో క్యాంటీను నాది. క్యాంటీనంటే నాలుగు రేకులు, ఒక సిమెంటు గట్టు, ఒక గ్యాసు పొయ్యి. మొదట్లో మా ఆయన గేటు బయట తోపుడు బండి మీద మిరపకాయ బజ్జీలు వేసేవాడు. వాటి కోసం పిల్లలు గోడ దూకుతున్నారని తెలిసి, గోడ ఎత్తు పెంచడం కంటే బండిని లోపలికి పిలవడమే చౌక అనుకున్నారు కరస్పాండెంటుగారు. బడికి యజమాని ఆయనే. అలా లోపలికి వచ్చాం. తర్వాత మా ఆయన పోయాడు, మూకుడు మిగిలింది. మనిషి కంటే ఇనుము గట్టిది మరి. అప్పటి నుంచి నాకు అన్నం పెట్టింది ఆ మూకుడే.

ఒకరోజు ఇంటర్వెల్ అయ్యాక కరస్పాండెంటుగారు ఆఫీసుకు రమ్మన్నారు. వెళ్లేసరికి ఆయన ముందు నా బజ్జీలే ప్లేటులో ఉన్నాయి. ఒకటి సగం కొరికి ఉంది.

"ఏమ్మా, రేపట్నుంచి నూనె సరుకు బంద్. పిల్లలు లావైపోతున్నారని పేరెంట్సు గొడవ చేస్తున్నారు. ఇక అంతా హెల్తీ స్నాక్సే."

"అంటే ఏంటండీ?"

"మొలకలు, ఉడకబెట్టిన శనగలు, రాగి లడ్డూలు, పండ్ల ముక్కలు."

"తింటారాండీ?"

"తినిపించాలి. నీ వల్ల కాకపోతే చెప్పు, ఒంగోలు నుంచి ప్యాకెట్ల వాళ్లు నా చుట్టూ తిరుగుతున్నారు. గింజల బిస్కెట్లంట. వచ్చే నెల డైటీషియన్ మేడం వచ్చి చూస్తారు. పిల్లలు తింటే నువ్వుంటావు. తినకపోతే క్యాంటీను వాళ్లకిచ్చేస్తా."

ఈ మాట చెబుతూనే మిగతా సగం బజ్జీ నోట్లో వేసుకున్నారు. తీర్పు చెప్పాక సాక్ష్యం మిగలకూడదు కదా.

మర్నాటికల్లా నా రేకుల కింద రంగుల బొమ్మలు అంటించారు. ఒక బొమ్మలో పొట్టి చెట్టులాంటి పచ్చటి కూర ఉంది. దాన్ని మా చుట్టుపక్కల ఊళ్లలో పండించినవాడు లేడు, వండినవాడు లేడు. పక్కనే ఒక పిల్లవాడు నవ్వుతున్నాడు. వాడూ దాన్ని తిని ఉండడు. తింటే ఆ నవ్వు ఉండదు.

మొదటి రోజు మొలకలు పెట్టాను.

"మామ్మా, ఇవేంటి?"

"మొలకలు రా. బలం."

"ఒరేయ్, ఇవి మా గేదెకి పెట్టేవి రా!"

"మీ గేదెనే అడుగు, ఎంత బలమో చెబుతుంది."

"దానికి బజ్జీ సంగతి తెలీదు కాబట్టి తింటంది మామ్మా."

ఉడికిన శనగలు నోట్లోకి పోలేదు గానీ, ఒకరి చొక్కాలోకి ఒకరు బాగానే వేసుకున్నారు. రాగి లడ్డూతో క్రికెట్ ఆడారు. గట్టిగా కొట్టినా పగల్లేదు. నా చేతిపనికి అంతకంటే మెచ్చుకోలు ఏం కావాలి?

మధ్యాహ్నం మాత్రం అటెండరు వచ్చేవాడు.

"అక్కా, సార్‌కి ప్లేటు బజ్జీ."

"నూనె బంద్ అన్నారు కదరా?"

"పిల్లలకి అక్కా. సార్ ఏమన్నా పిల్లాడా?"

నూనె కూడా చదువుకున్నట్టుంది. పిల్లల ఒంట్లోకి వెళ్తే కొవ్వు, ఆఫీసు గదిలోకి వెళ్తే టిఫిను.

ఆఫీసు ప్లేటుతో నా పొట్ట నిండదు. కల్లాల్లో మిరపకాయలు ఎండే రోజులు కాబట్టి, తెల్లారకముందే తొడిమలు తీయడానికి వెళ్లి, అక్కడి నుంచే బడికి వచ్చేదాన్ని. కల్లంలో కూర్చున్న చేతులు ఎలా ఉంటాయో మా వైపు ఎవరికీ చెప్పక్కర్లేదు. సబ్బుతో కడుగు, మజ్జిగతో రుద్దు, కొబ్బరినూనె రాయి, వేళ్లలో మంట అలాగే ఉంటుంది. ఆ రోజుల్లో కళ్లు నులుముకోం, చంటిపిల్లల మొహం ముట్టుకోం. ఇవి మా అమ్మలు చెప్పినవే. పండు కోయొద్దని మాత్రం ఎవరూ చెప్పలేదు. కల్లం నుంచి వచ్చి పళ్లు కోసుకుని తినే జాతి కాదు మాది.

మేడం వచ్చే రోజు కూడా కల్లం నుంచే వచ్చాను. చేతులు కడుక్కుని, బడిలో మొదటిసారి పండ్లు పెడదామని బొప్పాయిలు చెక్కు తీసి, గింజలు తోడి, ముక్కలు చేసి బేసిన్‌లో వేళ్లతో పైకీ కిందికీ కలిపాను. ఒకటి నోట్లో వేసుకుని చూశాను. తియ్యగా ఉంది. పచ్చిమిరపకాయ నంజుకుని చద్దన్నం తినే నాలుకకు అంతకంటే ఏం తెలుస్తుంది?

మేడం మంగళగిరి వైపు నుంచి కారులో వచ్చింది. గంజిపెట్టిన నేతచీర, నెమ్మదైన మాట. ముక్క నోట్లో వేసుకుంది. నమలడం ఆగింది. ఎక్కిళ్లు మొదలయ్యాయి, కళ్ల వెంట నీళ్లు కారాయి.

"ఇందులో... ఏం వేశారండీ?"

"ఏమీ వేయలేదు మేడం. పక్కా ఆర్గానిక్!" అన్నారు కరస్పాండెంటుగారు. అనుమానం తీర్చడానికి తనూ ఒక ముక్క నమిలారు. "బాగానే ఉందిగా?"

ఆయనా ఈ ఊరి నాలుకే మరి. నాకు మాత్రం అప్పుడు తెలిసింది. నా వేళ్లు చూసుకుని చేతులు కొంగులో దాచుకున్నాను. మూకుడు, రేకులు, పొయ్యి అన్నీ ఒంగోలు బండెక్కి వెళ్లిపోతున్నట్టు కనిపించింది.

అప్పటికే పిల్లల్ని వరుసలో నిలబెట్టేశారు. ముందున్నవాడు మందు మింగేవాడిలా మొహం పెట్టి ఒక ముక్క వేసుకున్నాడు. మొహం మారింది. ఇంకోటి తీసుకున్నాడు.

"ఒరేయ్, ఇయ్యాళ బాగుంది రా!"

"ఏదీ, నాకో ముక్క!"

"మామ్మా, కారం ఏసావా?"

"నోరు మూసుకుని తినరా నాయనా."

ఆ తర్వాత వరుస లేదు, ఏమీ లేదు. బేసిన్ మీద పడ్డారు. అడుగున మిగిలిన రసం కోసం ఇద్దరు కొట్టుకున్నారు. మేడం కర్చీఫ్ కళ్లకు అద్దుకుంటూ చూస్తోంది. "పిల్లల్ని చూసి మేడంకి ఆనందబాష్పాలు!" అంటూ కరస్పాండెంటుగారు ఫోటో తీయించారు. అది ఇప్పటికీ ఆఫీసు గోడ మీద ఉంది.

వెళ్లేముందు ఆవిడ ఒక్కతే నా గట్టు దగ్గరికి వచ్చింది.

"నిజం చెప్పండమ్మా. ఏం కలిపారు?"

కొంగులోంచి చేతులు తీసి చూపించాను. "పొద్దున కల్లానికి వెళ్లొచ్చానండీ. కడుక్కున్నా, పోలేదు."

ఆవిడ కాసేపు నా వేళ్ల వంక చూసింది. "మీకు మండదా?"

"మండుద్దండీ. అలవాటు."

ఆ సంగతి సార్‌తో చెప్పలేదు. పిల్లలు తింటున్నారు, ఈవిడనే ఉంచండి, చేతులకు గ్లౌజులు ఇప్పించండి అని మాత్రం చెప్పి కారెక్కింది.

గ్లౌజులు వచ్చాయి. మర్నాడు ఆ తొడుగులతో కోసిన బొప్పాయి ఎంత శుభ్రంగా ఉందంటే, ఒక్కడూ ముట్టలేదు. "నిన్నటి బొప్పాయి కావాలి" అని నా రేకులు బాదారు. జామకాయకు ఉప్పూకారం అద్దుకుని పెరిగిన పిల్లలకు బొప్పాయి చప్పగా పెడితే తింటారా? ఒక పళ్లెంలో ఉప్పూకారం కలిపి గట్టు మీద పెట్టాను. సాయంత్రానికి బేసిన్ ఖాళీ. మొలకల మీద కూడా చల్లి చూశాను. గేదె మాట మళ్లీ ఎవరూ ఎత్తలేదు. ప్యాకెట్ల వాళ్లు ఇంకో బడి వెతుక్కున్నారు. నేను మూకుడు ఇంటికి పట్టుకుపోయాను.

మర్నాడు మధ్యాహ్నం అటెండరు వచ్చాడు. "అక్కా, సార్‌కి బజ్జీ."

"మూకుడు లేదు రా. బొప్పాయి ఉంది, తీసుకుపో."

"సార్ తిడతారక్కా."

"ఆయన పెట్టిన రూలే కదరా. తనని తనే తిట్టుకోమను."

కాసేపటికి కరస్పాండెంటుగారే వచ్చారు. పిల్లలంతా క్లాసుల్లో ఉన్నారో లేదో అటూ ఇటూ చూసి, గట్టు మీద చెయ్యి ఆనించారు.

"బజ్జీ లేదా అమ్మా?"

"ఆరోగ్యం ఉందండీ."

నిట్టూర్చారు. "సరే, అదే ఇవ్వు. కాస్త కారం తగిలించు."

కల్లం పని ఇంకా నడుస్తున్న రోజులవి. పళ్లెంలో కారం అయిపోవచ్చింది. గ్లౌజు తీసి పక్కన పెట్టి, ముక్కలు నా చేత్తోనే బాగా కలిపి ఇచ్చాను.