డాక్టరమ్మ కాగితం మీద నేను రాసిన ‘లేదు’

1984 ఆగస్టు పద్నాలుగో తారీకు, మంగళవారం, ఉదయం పదిన్నర. మరునాడు జెండా పండగ కాబట్టి తారీకు నాకు బాగా గుర్తు. ఆ వేళప్పుడు మా అరుగు మీద కూర్చుని నేను ఒక అబద్ధం రాశాను. నోటి అబద్ధాలు అంతకుముందు చాలా ఆడాను. రాసింది అదే మొదలు. నలభై ఏడో ఏట, మధ్యాహ్నం పూట జరిగే వయోజన విద్య తరగతికి వెళ్లి నేర్చుకున్న అక్షరాలతో రాశాను.

నాకు కుడి కన్ను లేదు. మూడో ఏట పోయింది. మేం కొబ్బరి మట్టలు చీల్చి, ఈనెలు తీసి, చీపుర్లు కట్టి బతికేవాళ్లం. పుట్టింట్లోనూ అదే పని, మెట్టింట్లోనూ అదే పని. అందుకని ఈనె గుచ్చుకుని కన్ను పోయిందంటే ఎవరికీ అనుమానం రాలేదు. నిజం నాకు పెళ్లికి ముందు రోజు మా అమ్మ చెప్పింది. నా కన్ను చీకటి గదిలో పిల్లికన్నులా మెరిసేదట. పడవలో మిషన్ ఆసుపత్రికి ఎత్తుకుపోతే దొరసాని డాక్టరు చూసి, ఇది రాచపుండు, అంటే క్యాన్సరు, కన్ను తీసేస్తేనే పిల్ల దక్కుతుందన్నదట. “ఎవరడిగినా ఈనె అని చెప్పు. నీ మొగుడడిగినా సరే,” అంది మా అమ్మ. నా మొగుడు పోయేదాకా ఈనె అనే చెప్పాను.

మా అబ్బాయి రావులపాలెం మార్కెట్లో అరటి గెలలు లారీలకెత్తే పని చేసేవాడు. వాడి కళ్లు రెండూ బాగానే ఉన్నాయి. వాడి కొడుక్కి రెండో ఏట ఎడమ కనుపాప తెల్లగా మెరిసింది. ఆ మెరుపు చూడగానే అదేమిటో నాకు తెలిసింది. ఇక్కడ దాచేదేమీ లేదు, తెలిసింది. కాకినాడలో ఆ కన్ను తీసి పిల్లాడిని బతికించారు. నేను మాత్రం తప్పు కోడలి మీదకి తోశాను.

ఆ పిల్లాడు కడుపులో ఉండగా సూర్యగ్రహణం పట్టింది. కడుపుతో ఉన్నది గ్రహణం వేళ కదలకుండా పడుకోవాలని, కత్తి ముట్టుకోకూడదని మా పట్టింపు. ఆ రోజు కోడలు కత్తిపీట ముందు కూర్చుని వంకాయ తరిగింది. తరుగుతుంటే నేను చూడలేదు. గిన్నెలో ముక్కలు చూశాను. పిల్లాడి కన్ను తీసిన రోజు నుంచి రెండేళ్లు ఆ వంకాయని నేను వదల్లేదు. వీధిలో వాళ్లకి చెప్పాను, బంధువులకి చెప్పాను. ఆ పిల్ల కూరకి వంకాయ తేవడమే మానేసింది.

అలాంటి ఇంటికి విశాఖపట్నం నుంచి డాక్టరమ్మ వచ్చింది. మందులిచ్చే డాక్టరు కాదు, పరిశోధన చేసే మనిషి. ఇలా కన్ను తీసేసిన పిల్లల ఇళ్లు వెతుక్కుంటూ తిరుగుతోంది. వెంట రక్తం తీసే ఒకాయన, చేతిలో ఐసు డబ్బా. కోడలికి ఆడపిల్ల పుట్టి మూడో నెల. పిల్లనీ తల్లినీ దింపడానికి మా వియ్యపురాలు కూడా వచ్చి ఉంది.

డాక్టరమ్మ కాగితం మీద మా కుటుంబంలో మగవాళ్లకి చదరాలు, ఆడవాళ్లకి సున్నాలు గీసింది. జబ్బు వచ్చిన చదరాన్ని సిరాతో నింపింది. అది మా మనవడు.

“ఎందుకండీ ఇదంతా?” అని మా అబ్బాయి అడిగాడు.

“పడవని గట్టుకి రెండు తాళ్లతో కడతారు కదండీ. మన ఒంట్లో ప్రతి కణానికీ అలాంటి కట్టు ఉంటుందని మా అనుమానం. కొందరికి పుట్టుకతోనే ఒక తాడు తెగి ఉంటుంది. రెండోది తెగిందా, రాచపుండు పుడుతుంది. ఆ తెగిన తాడు పెద్దల నుంచి పిల్లలకి వస్తుంది. ఒక్కోసారి మధ్యలో ఒక తరానికి ఏమీ కాకుండా దాటిపోతుంది కూడా.”

ఆమె నా వైపు తిరిగింది.

“మీ కన్ను ఎప్పుడు పోయిందండీ పెద్దమ్మగారూ?”

“చిన్నప్పుడు. ఈనె గుచ్చుకుంది.”

“ఆపరేషన్ ఏమైనా చేశారా?”

“ఆపరేషనా? పసరు పోశారు.”

“కన్ను పోకముందు తెల్లగా మెరిసేదని ఎవరైనా అన్నారా?”

“ఏంటమ్మా, ఈనె గుచ్చుకుందని చెబుతుంటే! గుచ్చిన ఈనె కూడా తెచ్చి చూపించమంటావా?”

మా వియ్యపురాలు నవ్వింది. “మా వదినగారి కన్ను గురించి అడక్కండి. ఆ ఒక్క కంటితోనే ఊళ్లో ఎవరు వంకాయ తరిగారో కూడా చూసేస్తారు.”

కోడలు తలెత్తలేదు. పిల్లకి పాలిస్తూ గోడ వైపు తిరిగి కూర్చుంది. అప్పుడైనా చెప్పి ఉండొచ్చు. చెబితే నా మాట పోతుంది. రెండేళ్లు ఆ పిల్లని కాల్చుకు తిన్నదంతా ఆ వియ్యపురాలి ముందే నా నెత్తి మీదకొస్తుంది. నేను చూసుకున్నది అదొక్కటే.

నాకు చదువొచ్చని చెప్పుకున్నాను కనక డాక్టరమ్మ కాగితం నా చేతికే ఇచ్చింది. ‘కుటుంబంలో ఇంతకుముందు ఎవరికైనా ఈ జబ్బు ఉన్నదా?’ అని ఉంది. కూడబలుక్కుని చదివాను. పక్కన ‘లేదు’ అని రాసి సంతకం పెట్టాను. “అక్షరాలు గుండ్రంగా ఉన్నాయండీ,” అని ఆమె మెచ్చుకుంది. నా సున్నాని ఖాళీగా వదిలేసింది.

వెళ్లేటప్పుడు కోడలితో అంది: “పెద్దల్లో ఎవరికీ లేదు, బాబుకి ఒక కంటికే వచ్చింది. చాలామటుకు ఇది బాబుతోనే కొత్తగా పుట్టిన మార్పు అయి ఉంటుంది. పాపకి రావడం అరుదు. పెద్దల్లో ఉండి ఉంటే మాత్రం పాపని నెలనెలా మత్తిచ్చి కళ్లు చూడాల్సి వచ్చేది.”

ఆ మాట నేను విన్నాను. విని, ఈనెలు తీసుకుంటూ కూర్చున్నాను.

ఆరు నెలలు తిరక్కుండానే, ఒక మధ్యాహ్నం గడప దగ్గర ఎండ పక్కగా పడుతుంటే పిల్ల కన్ను మెరిసింది. చూసింది కోడలే. కాకినాడ తీసుకెళితే రెండు కళ్లలోనూ ఉందన్నారు. ఒకటి తీసేశారు. రెండోదానికి కరెంటు, అంటే రేడియేషన్, పెట్టారు. అది కాస్త నిలిచింది. మనిషి నీడ తెలుస్తుంది, మొహం తెలియదు. ముందే చూసి ఉంటే బహుశా రెండూ దక్కేవి అన్నారు.

కబురు తెలిసి డాక్టరమ్మ వచ్చింది. ఆసుపత్రి వరండాలో మా కాగితం ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. “ఇద్దరు పిల్లలకీ వచ్చిందంటే పైనుంచి వచ్చి ఉండాలి. పైన ఎవరికీ లేదు. నేనెక్కడ పొరపాటు పడ్డానో తెలియడం లేదు,” అంది.

పొరపాటు ఆమెది అనుకోవడం నేను భరించలేకపోయాను. చెప్పేశాను. మిషన్ ఆసుపత్రి, దొరసాని, పెళ్లి ముందు రోజు మా అమ్మ అన్న మాట, అన్నీ.

డాక్టరమ్మ నన్ను తిట్టలేదు. కోడలు పిల్లని భుజం మార్చుకుని అడిగింది.

“మరి నా వంకాయ సంగతేంటి అత్తయ్యా?”

మా అబ్బాయి లేచి వరండా చివరికి వెళ్లిపోయాడు. ఆ తర్వాత ఎన్నాళ్లకో గానీ నా ముఖం చూసి మాట్లాడలేదు.

డాక్టరమ్మ నా సున్నాని సిరాతో నింపింది. జబ్బు రాకపోయినా తెగిన తాడు మోశాడని మా అబ్బాయి చదరంలో ఒక చుక్క పెట్టింది. మొదటి కాగితం చింపడానికి లేదని, తప్పు తప్పుగానే ఉంచి, దాని కింద నిజం నా చేత్తో రాయాలని చెప్పింది. ఆ రోజు ఎవరెవరు ఉన్నారో కూడా రాయమంది. రాశాను. ఇప్పుడూ అదే రాస్తున్నాను.

ఆ రోజు అరుగు మీద ఉన్నవాళ్లు: విశాఖపట్నం నుంచి వచ్చిన డాక్టరమ్మ. రక్తం తీసినాయన. మా అబ్బాయి. మా వియ్యపురాలు. నాలుగేళ్ల మా మనవడు. మా కోడలు. ఆమె ఒళ్లో, అప్పటికి రెండు కళ్లతోనూ అందరినీ చూస్తున్న మా మనవరాలు. నేను.