హిలరీకి ఇరవై ఒక్క డిగ్రీలు

"ఇల్లు వెచ్చగా ఉంటుందా?" అని వార్డు నర్సు అడిగినప్పుడు నేను ఛాతీ విరుచుకుని, "ఎందుకుండదండీ? హీటింగ్ వ్యవహారమంతా నా చేతుల మీదే నడుస్తుంది," అన్నాను. మంచం మీదున్న నా భార్య హిలరీ కళ్లు మూసుకుంది. నెమ్ము చేసి తొమ్మిది రోజులుగా ఆసుపత్రిలో ఉంది కాబట్టి నీరసమనుకున్నాను.

"గురువారం పంపిస్తాం. ఇరవై ఒక్క డిగ్రీలకి తగ్గకూడదు. మళ్లీ చలి తగిలిందంటే ఈసారి తేరుకోవడం కష్టం," అంది నర్సు.

అవతలి కుర్చీలో కూర్చున్న హిలరీ అక్క బెరిల్ వెంటనే అందుకుంది. "ఎందుకొచ్చిన గొడవ? తిన్నగా మా ఇంటికి తీసుకుపోతాను. జనవరిలో కూడా పొట్టిచేతుల చొక్కాతో తిరగొచ్చు మా ఇంట్లో."

బెరిల్ ఉండేది సముద్రం ఒడ్డున బ్రిడ్లింగ్టన్‌లో. ఒంటరిగా ఉంటుంది. చెల్లెల్ని తెచ్చుకోవాలని ఎప్పటినుంచో కన్నేసి ఉంచింది. నన్ను భయపెట్టింది బెరిల్ మాట కాదు. హిలరీ "వద్దు" అనకపోవడం. అక్కడికి ఒకసారి వెళ్లిందంటే ఆ వెచ్చదనం వదిలి మా ఊరు హాలిఫాక్స్ కొండెక్కి తిరిగి వస్తుందన్న నమ్మకం నాకు లేదు.

ఇంకో సంగతి నేను ఎవరికీ చెప్పలేదు. మా ఇంట్లో హీటింగ్ ఎనిమిది రోజులుగా పనిచేయడం లేదు.

మెకానిక్కుని పిలవొచ్చు కదా అంటారు. ఈ డెస్మండ్ సగ్డెన్‌ని, అంటే నన్ను, ఎరిగినవాళ్లెవరూ అలా అనరు. ముప్పై రెండేళ్లు బస్సులకు టైమ్‌ టేబుళ్లు రాసినవాణ్ణి. ఆ టైముకి బస్సు ఒక్కటీ రాలేదంటే అది డ్రైవర్ల తప్పు. కాగితం మీద నేను రాసిందానికి తిరుగు లేదు. ఇంటి రిపేర్లూ అంతే. నేను బిగించిన షెల్ఫు రెండుసార్లే ఊడిపడింది. నేను వైరు మార్చిన కాలింగ్ బెల్ నొక్కితే వంటింట్లో దీపం వెలుగుతుంది, అయినా ఎవరో వచ్చారని తెలుస్తోందిగా.

మా హీటింగ్ పద్ధతి వినడానికి కష్టమేమీ కాదు. బాయిలరు నీళ్లు కాస్తుంది. హాలు గోడకున్న థెర్మోస్టాట్‌కి చలేస్తే అది ఒక వాల్వుకి కబురు పెడుతుంది. వాల్వు తెరుచుకుని, నారింజరంగు వైరు మీదుగా బాయిలరుని లేపుతుంది. అప్పుడు వేడినీళ్లు గదిగదికీ ఉన్న రేడియేటర్లలోకి పోతాయి. కుళాయిలో వేడినీళ్లు వస్తున్నాయి కాబట్టి బాయిలరు బతికే ఉంది. రేడియేటర్లు మాత్రం శవాల్లా ఉన్నాయి.

హిలరీ ఆసుపత్రికి వెళ్లాక పెద్ద గదులతో నాకేం పని? మేడ మీద చిన్న గదిలోకి మకాం మార్చాను. పక్కన చిన్న కరెంటు హీటరు, టేబుల్ దీపం, టీ. అక్కడే కూర్చుని వైర్ల బొమ్మలు గీశాను. టైమ్‌ టేబుళ్లలాగే మూడు రంగుల సిరాతో. మెయిన్ ఆపి వాల్వు మోటారు మార్చాను. మెయిన్ మళ్లీ వేయడం మరిచిపోయి ఫ్రీజరులోని చేపా బఠానీలూ పాడుచేశాను. వైర్లకు కాగితాలు అంటించి పేర్లు రాశాను. పేర్లు చాలా అందంగా వచ్చాయి. రేడియేటర్లు మాత్రం వేడెక్కలేదు.

బుధవారం పొద్దున, ఇక మొహం చెల్లకపోయినా, ఎదురింటి ఆర్నాల్డ్ తలుపు తట్టాను. ఆర్నాల్డ్ క్రాస్లీ రిటైరైన ఎలక్ట్రీషియన్. నా కాలింగ్ బెల్ చూసి పడీపడీ నవ్వినప్పటినుంచి అతన్ని సాయం అడగలేదు. దానికీ ఇరవై ఏళ్లు దాటాయి.

"వచ్చావా! ఇల్లు తగలబడిందా, ఇంకా లేదా?" అన్నాడు.

"థెర్మోస్టాట్ పోయినట్టుంది. ఊరికే ఒకసారి చూసి పోదువు గాని."

ఆర్నాల్డ్ నా మూడు రంగుల బొమ్మల వంక కన్నెత్తి చూడలేదు. హాలులోకి వచ్చి మెయిన్ ఆపించి, థెర్మోస్టాట్ రెండు మరలూ విప్పి, దాన్ని గోడ మీదినుంచి చేతిలోకి తీసుకున్నాడు. సులువుగా వచ్చేసింది. వెనక వైర్లే లేవు. గోడలోపల కత్తిరించిన మొనలు రెండు, టేపు చుట్టి ఉన్నాయి.

"ఎవడు చేశాడు ఈ పని?"

"ఇదివరకు ఈ ఇంట్లో ఉన్నవాళ్లయి ఉంటారు," అన్నాను ధీమాగా.

"ముప్పై నాలుగేళ్లుగా ఈ ఇంట్లో ఉన్నది నువ్వే కదరా!"

అప్పుడు జ్ఞాపకం వచ్చింది. రాకుండా ఎలా ఉంటుంది? కత్తిరించింది నేనే. పదకొండేళ్ల కిందట. నేను పుట్టి పెరిగిన ఇంట్లో కిటికీ అద్దాలకు లోపలివైపు మంచు పట్టేది. చలేస్తే స్వెట్టరు వేసుకోమనేవాడు మా నాన్న. పదిహేడు డిగ్రీలు మనిషికి చాలని నా సిద్ధాంతం. హిలరీ హాల్లో థెర్మోస్టాట్ మీట ఇరవై రెండుకి తిప్పుతుంది, నేను పదిహేడుకి దింపుతాను, మళ్లీ ఆవిడ తిప్పుతుంది. పోట్లాడే ఓపిక లేక, ఆవిడ చెల్లెలి కూతురి పెళ్లికని వారం ఊరెళ్లినప్పుడు హాలు మీటకున్న వైరు తెంపి, నిజంగా పనిచేసే థెర్మోస్టాట్ ఇంకోటి చిన్న గదిలో పుస్తకాల అర వెనక బిగించి, పదిహేడు దగ్గర పెట్టాను. హాల్లో ఉత్త డొల్ల మిగిలింది. తిప్పితే టిక్కుమంటుంది, వైరు ఉన్నా లేకున్నా. ఆవిడకి ఆ టిక్కు చాలనుకున్నాను.

ఇందులో నన్ను మించిన వెధవ లేడు. ఎందుకంటే, అనుమానం రాకుండా నేను కూడా ఆ డొల్లని అప్పుడప్పుడు కిందికి దింపి, "ఇదేమైనా బేకరీయా?" అని గొణిగేవాణ్ణి. నటించి నటించి నిజమని నేనే నమ్మేశాను.

ఆర్నాల్డ్‌ని మేడ మీదికి తీసుకెళ్లాను. చిన్న గది తలుపు తీయగానే మొహానికి వేడిగాలి కొట్టింది. హీటరు, దీపం, వాటి పక్కనే పుస్తకాల అర. వెనక్కి చెయ్యి పెట్టి చూసి ఆర్నాల్డ్ నేల మీద కూలబడి నవ్వాడు.

"ఒరే డెస్మండ్, దీనికి చలెలా వేస్తుందిరా? ఇన్ని రోజులుగా ఒళ్లో పెట్టుకుని వెచ్చబెడుతున్నావు కదా! హీటింగ్ ఎందుకు రావట్లేదో కనిపెడదామని నువ్విక్కడ కూర్చున్నందుకే రావట్లేదు."

చంకలో పిల్లను పెట్టుకుని ఊరంతా వెతకడమంటే ఇదే. నేనయితే పిల్లను వెతకడానికి మ్యాపు కూడా గీశాను.

ఆర్నాల్డ్ కళ్లు తుడుచుకుని మామూలు గొంతుతో అన్నాడు. "హీటరు ఆపి, దీన్ని ఇరవై ఒకటికి తిప్పెయ్. సాయంత్రానికి ఇల్లు వేడెక్కుతుంది. రేపు ఆవిడ వస్తుంది. డొల్ల సంగతి నేను చెప్పను. నువ్వూ చెప్పకు."

ఒక కప్పు టీ తాగేంతసేపు ఆలోచించాను. చెప్పకుండా ఉండిపోవాలని గట్టిగానే అనిపించింది. కానీ బెరిల్ పొట్టిచేతుల చొక్కా కళ్లలోంచి పోలేదు. పదకొండు చలికాలాలు హిలరీ స్వెట్టరు మీద స్వెట్టరు తొడుక్కుని ఈ ఇంట్లో తిరిగింది. సిగ్గుతో కప్పు పక్కన పెట్టేశాను.

"హాలు దానికే వైరు కలిపెయ్," అన్నాను.

గురువారం మధ్యాహ్నం హిలరీ వచ్చింది. కోటు కూడా విప్పకుండా ఏటేటా పెరిగిన అలవాటు కొద్దీ హాల్లో మీట ఇరవై అయిదుకి తిప్పింది. టిక్కుమంది. కాసేపటికి రేడియేటరు మీద చెయ్యి పెట్టి చటుక్కున వెనక్కి తీసుకుంది.

"ఇదేంటి, కాలుతోంది!"

"ఆర్నాల్డ్ బాగుచేశాడు."

"ఎప్పుడు పాడైంది?"

"పదకొండేళ్ల కిందట," అన్నాను. తర్వాత మిగతాదంతా చెప్పాను. పెళ్లి ప్రయాణం, కత్తెర, పుస్తకాల అర, అన్నీ. క్షమించమని కూడా అన్నాను. హిలరీ మెట్ల మీద కూర్చుండిపోయింది. తిడితే బాగుండునని ఎదురుచూశాను.

"ఫోనిలా ఇయ్యి. బెరిల్‌తో మాట్లాడాలి."

ఇచ్చాను.

"బెరిల్, నేనే. ఇంటికొచ్చాను... లేదు, రావట్లేదు. ఇక్కడ వెచ్చగానే ఉంది. మాట వినవే. మీట ఎంత తిప్పినా చలేస్తోంది, నా ఒంట్లోనే ఏదో తేడా ఉందని రెండుసార్లు రక్తం పరీక్ష చేయించుకున్నానా? నీకు తప్ప ఎవరికీ చెప్పలేదు చూడు, అదే. ఏ జబ్బో ఇవాళ తెలిసింది... థైరాయిడ్ కాదు. డెస్మండ్."

అవతలినుంచి బెరిల్ అరుపు నాకూ వినిపించింది. హిలరీ ఫోను పక్కన పెట్టి, కోటు విప్పి నా చేతికిచ్చింది. తర్వాత స్వెట్టరు ఇచ్చింది. దాని కింద ఇంకో స్వెట్టరు ఉంది. అదీ ఇచ్చింది.