తెర పక్కన చెంపదెబ్బ

నాటకంలో చెంపదెబ్బ కొట్టేది వేదిక మీద ఉన్న మగవాడు కాదు, తెర పక్కన నిలబడ్డ మనిషి. వేదిక మీది మగవాడు చెయ్యి విసురుతాడు, ఎదురుగా ఉన్న ఆవిడ తల తిప్పుతుంది, చప్పుడు మాత్రం పక్కనుంచి వస్తుంది. మొన్న ఉగాదికి మా తెలుగు సంఘం వేసిన నాటికలో ఆ పని నాకు అప్పగించారు. డెబ్బై నాలుగేళ్ల వయసులో నాకు దొరికిన తొలి రంగస్థల అవకాశం అది.

నాకే ఎందుకంటే, సంఘం కార్యక్రమాలన్నిటికీ టైము చూసేది నేను. తెనాలి హైస్కూల్లో ముప్పై నాలుగేళ్లు లెక్కలు చెప్పి, సిడ్నీ శివారు కెల్లీవిల్‌లో మా అమ్మాయి ఇంటికి వచ్చాను. వచ్చి తొమ్మిదేళ్లయింది. ఐదు నిమిషాల పాట ఆరో నిమిషంలోకి వెళితే గంట కొడతాను. పాడుతున్నది సంఘం అధ్యక్షుడి భార్య అయినా కొడతాను. ఇక్కడి పిల్లలకు నా పేరు తెలియదు, 'గంట ఆంటీ' అంటారు. ఇంత కచ్చితమైన మనిషైతే దెబ్బ సమయానికి పడుతుందని మా దర్శకుడి నమ్మకం.

పని ఒప్పుకున్నాక చప్పుడు వెతకాలి కదా. అరచేతులతో కొడితే చప్పట్లలా ఉంది. చెక్క స్కేలుతో అట్ట మీద కొడితే మా బడి గుర్తొచ్చింది గాని చెంప గుర్తు రాలేదు. చపాతీ పీట మీద తడిగుడ్డ విసిరి చూశాను. కొంచెం దగ్గరికొచ్చింది. ఈలోగా మా అమ్మాయి పై గదిలోంచి, "అమ్మా, ఎవర్ని ఉతుకుతున్నావ్?" అని అడిగింది. చివరికి మా మనవరాలు బీచ్‌కి వేసుకెళ్లే రబ్బరు చెప్పులు కుదిరాయి. రెండూ మడమ వైపు పట్టుకుని, ఒకదాన్ని కాస్త ఏటవాలుగా పెట్టి కొడితే అచ్చం చెంప మీద పడ్డట్టే పలికింది. మనవరాలికి పద్నాలుగేళ్లు. "అమ్మమ్మా, దట్స్ క్రీపీ. డూ ఇట్ అగెన్," అంది.

నాటిక రాసిందీ దర్శకత్వం చేసిందీ ఒక పళ్ల డాక్టరు గారు. రాజమండ్రి మనిషి, నలభై ఏళ్లుగా సిడ్నీలోనే ఉన్నారు. ఇంజక్షన్ ఇచ్చేముందు రోగి కంటే తనే ఎక్కువ కంగారుపడతారు. ఆయన ఇంటి గ్యారేజీలో రెండు కార్లూ బయటపెట్టి ఆదివారం మధ్యాహ్నాలు రిహార్సల్ చేసేవాళ్లం. ఇక్కడ ఫిబ్రవరి అంటే నడివేసవి; ఎండ, తలుపు తీస్తే ఈగలు, మూస్తే ఉక్క.

కథ పెద్దగా ఏం లేదు. భార్యకు నోటి దురుసు, భర్త మెతక, మధ్యలో అత్తగారు. పద్దెనిమిది నిమిషాల నాటికలో పదిహేను నిమిషాలు భార్యే మాట్లాడుతుంది. పదహారో నిమిషంలో భర్త చెంప పగలగొడతాడు. ఆవిడ ఒక చుట్టు తిరిగి, కాళ్ల మీద పడి, "ఇప్పటికి నాకు బుద్ధొచ్చిందండీ" అంటుంది. చప్పట్లు, తెర.

ఇంట్లో ఎప్పుడూ గొంతు పెంచని ఆ డాక్టరు గారికి ఇలాంటి ముగింపు ఎలా తట్టిందని ఆశ్చర్యపోనక్కర్లేదు. మనందరం నేర్చుకున్న చోటే ఆయనా నేర్చుకున్నారు. మా తరం సినిమాల్లో ఒక దెబ్బ తింటే తప్ప పొగరు పిల్ల చీర కట్టేది కాదు. దెబ్బ పడ్డ మరుక్షణం పాట. టీవీ సీరియళ్లు వచ్చాక ఒకే దెబ్బను మూడు వైపుల నుంచి మూడుసార్లు, ఉరుముతో సహా చూపించడం మొదలుపెట్టారు. లెక్కల మనిషిని కాబట్టి నేను దాన్ని ఒకటిగానే వేసుకునేదాన్ని.

భర్త వేషం వేసిన అబ్బాయి బ్యాంకులో సాఫ్ట్‌వేర్ ఉద్యోగి. చెయ్యి ఎత్తేముందు ఒకసారి, దించాక ఒకసారి "సారీ అక్కా" అనేవాడు. ఆ సారీలు తీసేస్తే నాటిక అరనిమిషం తగ్గుతుందని నేను చెప్పాను.

భార్య వేషం వేసిన అమ్మాయిది వరంగల్. ముప్పై రెండేళ్లు. మా ఇంటికి రెండు వీధుల అవతల, ఒకరి పెరట్లో కట్టిన చిన్న గ్రానీ ఫ్లాట్‌లో ఆరేళ్ల కూతురితో ఉంటుంది. కిందటి జులైలో పిల్లనీ ఒక సంచీనీ తీసుకుని భర్త ఇంట్లోంచి వచ్చేసింది. అతను కొట్టేవాడు. అంతకంటే వివరం ఆ అమ్మాయిది, నాది కాదు. కోర్టు అతన్ని వీళ్ల దరిదాపులకు రావద్దని చెప్పింది. ఆమె మందుల షాపులో పనికి కుదిరింది. మంగళవారం మధ్యాహ్నాలు పాప మా ఇంట్లో ఉంటుంది. నేను తెలుగులో ఎక్కం అడుగుతాను, అది ఇంగ్లీషులో జవాబు చెబుతుంది, జవాబు సరైనదే కాబట్టి ఊరుకుంటాను.

వచ్చేసిన కొత్తలో ఆ అమ్మాయి మన వాళ్లెవరికీ ఎదురుపడేది కాదు. దేవుడి దర్శనానికి హెలెన్స్‌బర్గ్ గుడికి తీసుకెళతానన్నా, అక్కడ అందరూ ఉంటారని వద్దనేది. అలాంటిది, షాపుకు దగ్గు మందు కోసం వచ్చే ముసలాయన్ని ఒకరోజు మా వంటగదిలో అనుకరిస్తుంటే నవ్వలేక నాకు పొలమారింది. భార్య వేషం ఈ అమ్మాయికివ్వమని నేనే డాక్టరు గారికి చెప్పాను. గ్యారేజీలో మొదటి ఆదివారమే అందరినీ పడీ పడీ నవ్వించింది. ఆ సాయంత్రం కారెక్కుతూ, తనకు నవ్వించడం వచ్చన్న సంగతే మర్చిపోయానంది. దెబ్బ సంగతి అడిగితే, నాటకమే కదా ఆంటీ అంది.

మొదటి మూడు వారాలూ చప్పుడు లేకుండానే చేశారు. నాలుగో ఆదివారం నేను చెప్పులు పట్టుకెళ్లాను. పాప ఎప్పటిలాగే మూలన చాప మీద బొమ్మలకు రంగులు వేసుకుంటోంది. పదహారో నిమిషం వచ్చింది. అబ్బాయి సారీ చెప్పి చెయ్యి విసిరాడు. నేను కొట్టాను. చాలా చక్కగా కుదిరింది. డాక్టరు గారు భలే అన్నారు.

పాప లేచింది. ఏడవలేదు. పెన్సిలు పెట్టెలో పెట్టి, గోడ దగ్గరకు వెళ్లి, అమ్మ హ్యాండ్‌బ్యాగు తెరిచి, కారు తాళాలు తీసి, ఆటకు అడ్డంగా నడిచొచ్చి అమ్మ చేతికిచ్చింది.

"మమ్మీ, కీస్," అంది.

మిగతావాళ్లు ముద్దుగా నవ్వారు. పిల్లకు ఇంటికెళ్లాలని ఉందేమో అని డాక్టరు గారి భార్య బిస్కెట్లు తెచ్చింది. తల్లి నవ్వలేదు, నేనూ నవ్వలేదు.

తిరుగు ప్రయాణంలో కారు నడుపుతూ తల్లి చెప్పింది. పాత ఇంట్లో ఆ చప్పుడు వినిపించినప్పుడల్లా పాప వెళ్లి తాళాలు తెచ్చేదట. ఎవరూ నేర్పలేదు. తాళాలు అమ్మ చేతిలో ఉంటే త్వరగా బయటికి వెళ్లొచ్చని తనంతట తనే కనిపెట్టింది. వెనక సీట్లో పాప నిద్రపోయింది. సరిగ్గా వచ్చిందని నేను మురిసిపోయిన చప్పుడును సరిగ్గా గుర్తుపట్టింది ఆ ఆరేళ్ల పిల్ల ఒక్కతే. వేషం మానేస్తానని తల్లి చెప్పింది. నిండు హాల్లో అమ్మకు దెబ్బ పడుతుంటే జనమంతా చప్పట్లు కొట్టడం దానికి చూపించలేనంది. పాపను ఇంట్లో వదిలి వద్దామంటే, అమ్మ స్టేజీ మీద కనబడుతుందని బడిలో అందరికీ చెప్పుకుందట. ఒక్క వారం ఆగమన్నాను.

నా దగ్గర ఒక ఉపాయం ఉంది. మంగళవారం పాప రాగానే చెప్పులు చూపించాను. అది నాటకం చప్పుడేనని, ఎవరికీ దెబ్బ తగల్లేదని చెప్పి దాని చేతికే ఇచ్చాను. కాసేపు అనుమానంగా చూసింది. తర్వాత మొదలుపెట్టింది. సోఫాను కొట్టింది, అరటిపండును కొట్టింది, మా అల్లుడి ఆఫీసు బ్యాగును కొట్టింది. కొట్టిన ప్రతిసారీ కిలకిల నవ్వింది. ఉపాయం పారిందని నేను టీ పెట్టుకున్నాను.

తల్లి పిల్లను తీసుకెళ్లడానికి వచ్చేసరికి పాప బొమ్మకు ఎదురుగా కూర్చుంది. చెప్పులు టపీమని కొట్టి, బొమ్మను బోర్లా పడేసి, వచ్చీరాని తెలుగులో "ఇప్పటికి నాకు బుద్ధొచ్చిందండీ" అంటోంది. దానికంతవరకూ నోటికొచ్చిన పొడుగైన తెలుగు వాక్యం అదే.

తల్లి గుమ్మంలోనే నిలబడిపోయింది. "దానికి భయం పోవాలె, కరెక్టే ఆంటీ," అంది మెల్లగా. "కానీ నవ్వుడు అలవాటు కావొద్దు."

టీ చల్లారిపోయింది. మనకందరికీ సినిమా చేసిన పనే, నేను ఒక్క మధ్యాహ్నంలో రెండు చెప్పులతో ఆ పిల్లకు చేసి పెట్టాను.

మర్నాడు డాక్టరు గారికి ఫోన్ చేసి ఆ దెబ్బ తీసేయమన్నాను. పాప సంగతి చెప్పలేదు, చెప్పడానికి అది నాది కాదు. ఆయన నిజంగా బాధపడ్డారు. "ఆంటీ, కామెడీ అండి బాబూ. జనం చప్పట్లు కొట్టేదే అక్కడ. అది తీసేస్తే నాటిక పన్ను ఊడిన నోరే," అన్నారు. పన్ను ఊడితే కట్టుడు పన్ను పెట్టడం మీ వృత్తే కదా అన్నాను. నవ్వారు గాని ఒప్పుకోలేదు. అయితే చప్పుడు నేను చెయ్యను, గంట మాత్రమే కొడతానని చెప్పాను. ఇంకొకరి చేత చేయించుకుంటానన్నారు.

చివరి ఆదివారం రిహార్సల్ ఇప్పటికీ తలుచుకుని నవ్వుకుంటాను. పాపను మా అమ్మాయి పార్కుకు తీసుకెళ్లింది. తల్లి మాత్రం వచ్చింది, మానేస్తున్నానని తనే చెప్పడానికి. ఇంకొక్కసారి చేసి చూడమని డాక్టరు గారు బతిమాలారు. చెప్పులు ముందు ఆయన భార్యకిచ్చారు. అబ్బాయి సారీ చెబుతుండగానే ఆవిడ కొట్టేసింది, అతను ఉలిక్కిపడి తన చెంపే పట్టుకున్నాడు. తర్వాత అత్తగారి వేషం వేసినావిడ తీసుకుంది. భార్య తిరిగి, కాళ్ల మీద పడి, బుద్ధొచ్చిందండీ అన్నాక తీరిగ్గా టపీమంది. ఆఖరికి డాక్టరు గారే పట్టుకున్నారు. అబ్బాయి చెయ్యి విసిరాడు. ఆయన కంగారులో ఒక చెప్పు జారి, గ్యారేజీ బయట పెట్టిన కారు టైరు కిందికి పోయింది.

చప్పుడు లేదు. అబ్బాయి చెయ్యి గాలిలో అటు నుంచి ఇటు వచ్చి ఊరికే ఆగిపోయింది. ఆ అమ్మాయి తిరగలేదు, పడలేదు. అతని చేతిని చూసింది, ముఖం చూసింది, మళ్లీ చేతిని చూసింది. అంతవరకూ డాక్టరు గారి గోదావరి మాటలు అప్పజెబుతున్న మనిషి, హఠాత్తుగా తన వరంగల్ మాటల్లోకి వచ్చేసింది.

"ఏందండీ, ఈగనా?"

అబ్బాయి తల ఊపాడు.

"చెయ్యి ఖాళీగున్నట్టుంది. సింకుల బోళ్లున్నయి, తోముండ్రి."

అబ్బాయి "సారీ అక్కా" అన్నాడు, ఈసారి సరైన చోట. గ్యారేజీ అంతా పగలబడి నవ్వాం. డాక్టరు గారు కారు కింద చెప్పు కోసం వంగినవారు అక్కడే కూర్చుని కళ్లు తుడుచుకున్నారు. లేచాక, ఇదే ఉంచేద్దాం అన్నారు. చప్పుడు లేకపోతే కొట్టేవాడు ఇంత వెర్రివాడిలా కనిపిస్తాడని నాకిన్నాళ్లూ తట్టలేదండీ అని నాతో విడిగా అన్నారు కూడా. ఆయనకు ఎవరూ ఏమీ చెప్పలేదు. అయినా ఆ తర్వాత పాప కనబడితే బిస్కెట్ల డబ్బా మొత్తం ఇచ్చేసేవారు.

ఉగాది కార్యక్రమం మార్చి ఆఖరి శనివారం, ఒక బడి హాల్లో జరిగింది. నాటిక పద్దెనిమిది నిమిషాలకు బదులు ఇరవై ఒకటి అయింది. తర్వాత పాడాల్సిన పాటల టీచరు "గంట ఆంటీ, గంట" అని నా మోచెయ్యి పొడుస్తూనే ఉంది. అదనపు మూడు నిమిషాలూ జనం నవ్వడానికి పట్టినవే కాబట్టి నేను కొట్టలేదు. భోజనాల దగ్గర పులిహోర వడ్డించుకుంటూ ఒక పెద్దాయన, దెబ్బ పడి ఉంటే ఇంకా పండేదన్నారు. ఆయన భార్య ఆయన ప్లేటు తీసుకుని, మీ చెయ్యి ఖాళీగా ఉన్నట్టుందండీ, మంచినీళ్లు పట్రండి అంది. చుట్టూ ఉన్నవాళ్లు నవ్వుతుంటే ఆయన నీళ్లకు వెళ్లారు.

ఇదంతా తర్వాతి సంగతి. పదహారో నిమిషంలో నేను వేదిక చూడటం లేదు. తెర పక్కన, నా పక్క కుర్చీలో పాప కూర్చుంది. అమ్మ హ్యాండ్‌బ్యాగు ఒళ్లో పెట్టుకుంది. నా దగ్గర పెట్టమంటే ఇవ్వలేదు. అక్కడ అబ్బాయి చెయ్యి లేచింది. ఇక్కడ దాని చెయ్యి బ్యాగులోకి వెళ్లింది. చెప్పులు మా మనవరాలి కాళ్లకు ఉన్నాయి, అది బీచ్‌లో ఉంది. చప్పుడు రాలేదు. పాప నా ముఖం చూసింది, నేను చేతులు రెండూ చాపి ఖాళీగా ఉన్నాయని చూపించాను. వేదిక మీద వాళ్లమ్మ "ఏందండీ, ఈగనా?" అంది. హాలంతా అతని చెయ్యి చూసి నవ్వింది.

పాప చెయ్యి ఇంకా బ్యాగులోనే ఉంది. తాళాలు గలగలమన్నాయి. అమ్మ బోళ్లు తోమమంది, జనం చప్పట్లు కొట్టారు, అమ్మ నడుం మీద చెయ్యి వేసుకుని నిలబడింది. పాప అది బాగా చూసింది. తర్వాత బ్యాగులోంచి చెయ్యి బయటికి తీసింది. అందులో ఒక జంతిక ముక్క ఉంది. విరిచి సగం నాకిచ్చింది.